చాడీల పుస్తకం

“అన్నయ్య నా గాలి పీలుస్తున్నాడు.”

మొదటి పేజీలో మొదటి వాక్యం ఇది. పెన్సిలు రాత. అక్షరాలు గీత మీద బయల్దేరి, వాక్యం చివరికి వచ్చేసరికి కింది గీత మీదికి జారిపోయాయి. కోపంగా రాసినట్టున్నాడు, చివర చుక్క పెట్టినచోట కాగితానికి చిల్లు పడింది. కింద ఎర్ర సిరాతో నా తీర్పు: “గాలి ఉమ్మడి ఆస్తి. ఫిర్యాదు కొట్టివేయడమైనది.” తేదీ 2010 మే నెలది. చిన్నవాడికి అప్పుడు పదేళ్లు, పెద్దవాడికి పన్నెండు.

మొన్న బీరువా సర్దుతుంటే పాత దుప్పట్ల అడుగున దొరికిందీ పుస్తకం. అట్ట మీద ‘లెక్కలు’ అన్న మాట కొట్టేసి ‘చాడీల పుస్తకం’ అని రాసింది నేనే. సర్దడం అక్కడితో ఆగిపోయింది. దుప్పట్లన్నీ నేల మీదే, నేనూ వాటి మీదే.

అవి సెలవుల రోజులు. ఇద్దరు మగపిల్లలు, ఒకే గది, రోజంతా. లేచింది మొదలు “అమ్మా, వీణ్ణి చూడు”, “అమ్మా, అన్నయ్యను చూడు” అన్న పిలుపులే. పని వదిలేసి వెళ్తే అక్కడ చూడటానికి ఏమీ ఉండేది కాదు. వాడి దిండు నాలుగు వేళ్లు ఇటు జరిగిందనో, వాడు నన్ను చూసి నవ్వాడనో, లేదంటే నేను నవ్వితే వాడు నవ్వలేదనో. ఒక మధ్యాహ్నం తలనొప్పితో కళ్లు తెరవలేకుండా ఉన్నప్పుడు, సగం వాడి పడేసిన ఈ నోటుపుస్తకం తీసి వాళ్ల ముందు పెట్టాను. “ఇక నోటితో చెప్తే వినను. రాసివ్వండి. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారు, మీకేం కావాలి. నాలుగూ ఉండాలి. సాయంత్రం ఏడింటికి చూస్తాను.”

ఇందులో పెంపకపు తెలివితేటలేమీ లేవు. అరపేజీ ఇంటిపని రాయడానికి గంటసేపు మూలిగేవాళ్లు చాడీల కోసం పెన్సిలు పడతారా అన్న ఆశ, అంతే. మొదటి రోజే పదకొండు ఫిర్యాదులు వచ్చాయి. మర్నాడు మూడు. హమ్మయ్య, మందు పనిచేసిందనుకున్నాను. తర్వాత తెలిసింది, వాళ్లు తగ్గలేదు, పదును పెట్టుకుంటున్నారని. పెద్దవాడు వకీలులా అంకెలు వేసి రాయడం మొదలుపెట్టాడు: ఒకటి, రెండు, రెండులో అ, ఆ. చిన్నవాడిది వేరే పద్ధతి. రెండే మాటలు రాసి పక్కన బొమ్మ వేసేవాడు. బొమ్మలో అన్నయ్యకు ఎప్పుడూ కోరలుండేవి.

క్రమంగా నియమాలు పుట్టుకొచ్చాయి. ఎదుటివాడికి జవాబు రాసుకునే హక్కు ఉంది. అబద్ధమని తేలితే, రాసినవాడు ఆ వారమంతా ఉతికిన బట్టలు మడత పెట్టాలి. నా తీర్పు నచ్చకపోతే నాన్న దగ్గరికి వెళ్లవచ్చు. ఆయన మాత్రం ఇద్దరినీ చెరో తొడ మీద కూర్చోబెట్టుకుని, శ్రద్ధగా విని, “ఇద్దరూ చెప్పిందీ నిజమే” అనేవారు. పది రోజుల్లో ఆ కోర్టుకు ఎవరూ వెళ్లడం మానేశారు. ఆయనకు కావలసిందీ అదేనని నా అనుమానం.

ఇల్లు చూసి పోయేవాళ్లు “మగపిల్లలు కదా, అల్లరి మామూలే” అనేవారు. ఆ మాట నాకెప్పుడూ నచ్చలేదు. అల్లరి అని ఒక్క మాటలో తేల్చేస్తే లోపల ఏం జరుగుతోందో చూడనక్కర్లేదు, సౌకర్యంగా ఉంటుంది. ఈ పేజీలు తిప్పుతుంటే అల్లరి చాలా తక్కువగా కనిపిస్తోంది. ఎక్కువగా కనిపించేది లెక్క. ఎవరికెంత వచ్చింది, ఎవరికెంత రావాలి, ఎవరు ముందు.

పన్నెండో ఫిర్యాదు, చిన్నవాడిది: “అన్నయ్య స్నానాల గదిలో 40 నిమిషాలు ఉన్నాడు. గడియారం పట్టుకుని కూర్చున్నాను. తల తడవలేదు.” ఇది చదివి గట్టిగా నవ్వేశాను. అంతకు ముందు ఏడాది వరకూ ఆ గదిలోకి పంపాలంటే చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాల్సిన పిల్లవాడు, ఉన్నట్టుండి బయటికి రావడం మానేశాడు. లోపల ఏం చేస్తున్నాడంటే, అద్దంలో పై పెదవి చూసుకుంటున్నాడు. అక్కడ ఏమీ లేదు. వాడికి మాత్రం కనిపిస్తోంది. చొక్కాలకు కొత్త వాసన వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. అప్పటిదాకా ఎంత చెమట పట్టినా మట్టివాసన, ఎండవాసన తప్ప ఇంకేమీ ఉండేది కాదు. చంకల్లో ఒక రకం స్వేదగ్రంథులు చిన్నతనమంతా ఊరికే ఉండి ఆ వయసులో పనిలోకి దిగుతాయట. ఆ చెమటకు సొంత వాసన లేదు, చర్మం మీది సూక్ష్మజీవులు దాన్ని విడగొడితేనే వాసన. ఇదంతా నేను తర్వాత చదువుకున్నది. అప్పటికి తెలిసిందల్లా, గది తలుపు తీయగానే కిటికీ కూడా తెరవాలని.

బూట్ల గొడవ మూడు పేజీలు నడిచింది. ఇంట్లో పద్ధతి ప్రకారం పెద్దవాడికి బిగుతైనవి చిన్నవాడికి. “నా జన్మలో కొత్త బూట్లు లేవు” అని రాశాడు చిన్నవాడు. దానికి పెద్దవాడి జవాబు: “ఒకటి, నేను వాటిని నాలుగు నెలలే వేసుకున్నాను. రెండు, అవి కొత్తవాటితో సమానం. మూడు, పాదాలు పెరగడం నా చేతిలో లేదు.” కింద చిన్నవాడు మళ్లీ: “కావాలనే పెంచుతున్నాడు.”

మూడో మాట నిజమే, పాపం. ఆ వయసులో ఎదుగుదల శరీరం చివరల నుంచి మొదలవుతుంది. ముందు పాదాలు, అరచేతులు. తర్వాత కాళ్లూ చేతులూ. మొండెం వంతు ఆఖరున. అంతవరకూ ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు పెరిగే పిల్లవాడు, ఆ ఉరవడి అందుకున్నాక తొమ్మిది, పది కూడా పెరుగుతాడు. అందుకే మా పెద్దవాడు కొన్నాళ్లు తన పాదాలు తనవి కానట్టు నడిచేవాడు. గడపకు తగిలేవాడు, కుర్చీకి తగిలేవాడు, నిలబడ్డచోటే నిలబడి నీళ్ల గ్లాసు తన్నేసేవాడు. “కళ్లు ఎక్కడ పెట్టుకున్నావు?” అని ఎన్నిసార్లు అన్నానో. కళ్లు ఉన్నచోటే ఉన్నాయి, కాళ్లే కొత్తచోటికి వెళ్లాయి.

అసలు పెద్ద కేసు ప్లూటోది. ముప్పై ఒకటో ఫిర్యాదు.

ఇద్దరికీ రెండేళ్లే తేడా. కానీ ఆ రెండేళ్ల మధ్యలో సౌరకుటుంబం మారిపోయింది. పెద్దవాడు తొమ్మిది గ్రహాలు వల్లెవేసి నేర్చుకున్నాడు. 2006 ఆగస్టులో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యవాళ్లు ప్రాగ్‌లో సమావేశమై, ఓటు వేసి, ప్లూటోను ‘మరుగుజ్జు గ్రహం’ చేసేశారు. చిన్నవాడు పుస్తకం పట్టేనాటికి లెక్క ఎనిమిది. అలా ఒకే పైకప్పు కింద, ఒకే గదిలో, నా కొడుకులిద్దరూ రెండు వేర్వేరు విశ్వాల్లో పెరిగారు.

పెద్దవాడి మంచం మీద పైకప్పు నుంచి దారాలతో వేలాడే తొమ్మిది కాగితపు ఉండలుండేవి. వాడే చేసి రంగులేశాడు. ఒకరోజు చిన్నవాడు కుర్చీ ఎక్కి తొమ్మిదో దారం కత్తిరించేశాడు. పెద్దవాడి ఫిర్యాదు పేజీన్నర ఉంది. చిన్నవాడి జవాబు మూడు వరసలు: “ప్లూటో గ్రహం కాదు. గ్రహం తన దారి శుభ్రం చేసుకోవాలి. ప్లూటో చేసుకోలేదు. పుస్తకంలో ఉంది.”

నిజంగానే ఉంది. సూర్యుడి చుట్టూ తిరగాలి, గుండ్రంగా ఉండాలి, తన కక్ష్య చుట్టుపక్కల ఇతర శకలాలు లేకుండా ఊడ్చుకోవాలి. ప్లూటో మూడోదాంట్లో తప్పింది. ఆ సాయంత్రం ఏడింటికి ఇద్దరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒకడి కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఒకడు ఉండ జేబులో పెట్టుకుని ఉన్నాడు. నా తీర్పు ఇక్కడే ఉంది, మూడో వరసలో అక్షరాలు కాస్త వంకరపోయాయి, నవ్వు ఆపుకుంటూ రాశాను కాబట్టి: “దారి శుభ్రం చేసుకున్నవాళ్లే గ్రహాలైతే ఈ గదిలో ఒక్క గ్రహమూ లేదు. ముందు గది సర్దండి. ఉండను మళ్లీ కట్టాలి, కానీ మిగతావాటికి కాస్త దూరంగా, పొట్టి దారంతో.” ప్లూటో వెళ్లి కిటికీ మూల వేలాడింది. గది సర్దుడు మాత్రం, అంతా మంచాల కిందికి నెట్టడంతో ముగిసింది.

తర్వాతి పేజీల్లో చిన్నాచితకా చాలా ఉన్నాయి. నా రబ్బరు కొరికాడు, నా కలను దొంగిలించి తనకు వచ్చినట్టు చెప్పాడు, మెట్లు రెండేసి దిగాడు. వాటిని దాటేస్తున్నాను. నలభై నాలుగో దాని దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే అది ఎవరూ ఎవరి మీదా చెప్పింది కాదు.

పెద్దవాడికి అప్పుడు రూబిక్స్ క్యూబు పిచ్చి. హంగరీలో ఎర్నో రూబిక్ అనే ఆర్కిటెక్చర్ అధ్యాపకుడు 1974లో తయారుచేశాడనీ, దాన్ని 43 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని రకాలకు పైగా కలగాపులగం చేయవచ్చనీ మాకు రోజూ పాఠం చెప్పేవాడు. ఎంత చెడగొట్టినా 20 కదలికలకు మించకుండా సరిచేయవచ్చని గణితజ్ఞులు కంప్యూటర్లతో తేల్చింది ఆ ఏడాది జులైలోనే. వాడికి ఇరవై కాదు, నూటికి పైనే పట్టేవి, అయినా చేసేవాడు. చేసిన ప్రతిసారీ తెచ్చి తమ్ముడి ముఖం ముందు పెట్టేవాడు. రోజుకు పదిసార్లు.

ఒకసారి ఎంత తిప్పినా క్యూబు కుదరలేదు. అన్నీ కుదిరి ఆఖరున ఒక్క అంచు ముక్క తిరగబడి మిగిలిపోయేది. ఒకరోజు, రెండు రోజులు, మూడు రోజులు. భోజనానికి పిలిస్తే క్యూబుతో సహా వచ్చేవాడు. మూడో రాత్రి మంచినీళ్లకని లేచాను. వరండాలో దీపం కింద కూర్చుని తిప్పుతున్నాడు. బుగ్గల మీద తడి. నన్ను చూసి మోచేత్తో తుడుచుకుని “కళ్లు మండుతున్నాయి” అన్నాడు. సరే అన్నాను. పన్నెండేళ్లవాడు కళ్లు మండుతున్నాయంటే మండుతున్నాయనే అనుకోవాలి.

మర్నాడు పుస్తకంలో చిన్నవాడి రాత. కోరల బొమ్మ లేదు. “నేను ఒక ముక్క మీద రెండు రంగు కాగితాలు పీకి, ఇటుది అటు, అటుది ఇటు అంటించాను. అన్నయ్యకు తెలియదు. ఇక అది ఎప్పటికీ కుదరదు. నాకేం కావాలి అన్నచోట ఏం రాయాలో తెలియడం లేదు.”

అది నిజం. ఒక్క అంచు ముక్క అలా తిరగబడితే ఆ క్యూబును ఎవరూ, ఏ యంత్రమూ తిప్పి సరిచేయలేదు. నేనేమీ రాయకముందే పెద్దవాడు ఆ పేజీ చదివేశాడు. ఇప్పుడు పెద్ద యుద్ధమే అనుకుని గుమ్మంలో నిలబడ్డాను. వాడు తమ్ముడి వంక చాలాసేపు చూసి, “అయితే నాకు రాకపోవడం కాదన్నమాట” అన్నాడు. ఆ ముఖంలో అంత వెలుగు నేను మళ్లీ వాడి పరీక్షా ఫలితాలప్పుడు కూడా చూడలేదు. ఆ తర్వాత కొట్టాడు, అది వేరే సంగతి.

రెండో ఏడాదికి రాతలు పలచబడ్డాయి. పేజీకి నాలుగు ఉండేవి నెలకు నాలుగయ్యాయి. పెద్దవాడి గొంతు మారడం మొదలైంది. స్వరతంత్రులు పొడవై, మందమై, ఇంకా పట్టు చిక్కని రోజులు కదా, మాట కిందిస్థాయిలో మొదలై చివర పిట్టకూతలా పైకి లేచేది. అందుకని చాలావరకు మాట్లాడటమే మానేశాడు. చిన్నవాడు రాశాడు: “ఫోనులో అన్నయ్య హలో అంటే అందరూ నాన్న అనుకుంటున్నారు. అన్నయ్య కాదని చెప్పడం లేదు. ఇది అబద్ధం కిందికి రాదా?” నేను ‘వస్తుంది’ అని రాశాను. పెద్దవాడు జవాబు రాసుకోలేదు. జవాబులు రాయడం ఎప్పుడు మానేశాడో నేను గమనించనే లేదు, ఇప్పుడు పేజీలు వెనక్కి తిప్పి చూసుకుంటే తప్ప.

నిద్రలు కూడా విడిపోయాయి. చిన్నవాడు తొమ్మిదింటికి పడుకుని ఆరింటికల్లా పాడుతూ లేచేవాడు. పెద్దవాడికి రాత్రి పదకొండైనా కునుకు పట్టదు, పొద్దున్న ఎంత కుదిపినా రాయిలా కదలడు. బద్ధకమని రోజూ తిట్టాను. ఆ వయసులో నిద్రను తెచ్చే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా మొదలవుతుందనీ, పిల్లవాడు మొండికేయడం లేదు, లోపలి గడియారమే వెనక్కి జరిగిందనీ చాలా ఏళ్ల తర్వాత ఎక్కడో చదివాను. ఆ తిట్లు కొన్ని వెనక్కి తీసుకోవాలనిపించింది. అన్నీ కాదు. తడి తువ్వాలు మంచం మీద పడేసినందుకు తిట్టినవి అలాగే ఉంటాయి.

పెద్దవాడు హాలు పక్కనున్న చిన్న గదిలోకి మారతానన్నాడు. పుస్తకాలు, క్యూబు పట్టుకెళ్లాడు. గ్రహాలు పట్టుకెళ్లలేదు.

ఆఖరి రాత 2011 డిసెంబరుది. పెన్సిలు కాదు, పెన్ను. అక్షరాలు గీత మీదే నిలబడ్డాయి. చిన్నవాడికి పదకొండేళ్లు నిండాయి అప్పటికి.

“అన్నయ్య నాతో పోట్లాడటం లేదు.”

కింద ఎర్ర సిరా లేదు. నాకు ఆ సాయంత్రం బాగా గుర్తుంది. చదివాను, పెన్ను మూత తీశాను, మూత పెట్టాను. పెద్దవాడిని పిలిచి చెప్తే వచ్చి ఓ పూట తగవు పెట్టుకునేవాడేమో, మంచివాడే. కానీ అడిగి తెప్పించిన తగవు తగవెలా అవుతుంది? రేపు రాద్దాం అనుకున్నాను. రేపు ఇంకేదో పని పడింది. అంతకు ముందు రెండేళ్లుగా, ఈ ఇంట్లో ఒక్కరోజు నిశ్శబ్దంగా ఉంటే చాలు భగవంతుడా అనుకుంటూ వచ్చినదాన్ని నేనే.

తర్వాత మూడేళ్లు ఇల్లు బుద్ధిగానే ఉంది. “ఛార్జరు ఉందా?” “ఉంది.” “ఇవ్వు.” “తీసుకో.” అన్నదమ్ముల సంభాషణ ఎక్కువగా ఈ కొలతలోనే నడిచింది. చిన్నవాడి గొంతూ మారింది. దాని గురించి రాసిపెట్టడానికి ఎవరూ లేరు.

2015 జులైలో ఒకరోజు పెద్దవాడు ఫోను పట్టుకుని తన గదిలోంచి పరుగున వచ్చి తమ్ముడి గది తలుపు నెట్టాడు. తట్టలేదు, నెట్టాడు. అప్పటికది ఇంట్లో పెద్ద నేరం. న్యూ హొరైజన్స్ అనే వ్యోమనౌక ప్లూటో పక్కగా పోతూ ఫోటోలు పంపింది. అది భూమి మీదనుంచి బయల్దేరింది 2006 జనవరిలో, ఓటింగుకు ఏడు నెలల ముందు. బయల్దేరినప్పుడు గ్రహం దగ్గరికి బయల్దేరింది, చేరింది మరుగుజ్జు గ్రహం దగ్గరికి. దానికి తొమ్మిదిన్నరేళ్లు పట్టింది. ఆ ఫోటోలో ప్లూటో మీద తెల్లగా, పెద్దగా గుండె ఆకారం.

“చూడరా” అన్నాడు పెద్దవాడు. “గుండె ఉంది. గ్రహం కానిదానికి గుండె ఉంటుందా?”

చిన్నవాడు ఫోను తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి అన్నాడు: “నీకూ ఉందిగా. నువ్వు గ్రహానివా?”

అరగంట సాగింది. ఒక దిండు చిరిగింది. నేను వంటింట్లో నిలబడి, చేతిలో ఉన్న గరిటె ఎక్కడ పెట్టాలో తెలియకుండా విన్నాను.

ఇప్పుడు ఇద్దరూ ఇంట్లో లేరు, ఉద్యోగాలు, చెరో ఊరు. మొన్న ఆ దుప్పట్ల మీదే కూర్చుని మొదటి పేజీ ఫోటో తీసి ఇద్దరికీ పంపాను. అయిదు నిమిషాల్లో చిన్నవాడి జవాబు: “ఆ తీర్పు ఇప్పటికీ అన్యాయమే. మంచం కిటికీ దగ్గర ఉన్నది వాడిది. నాకు మిగిలింది వాడు వదిలిన గాలి.” ఆ వెంటనే పెద్దవాడు ముగ్గురినీ కలుపుతూ ఫోను చేశాడు. కిటికీ వైపు మంచం తనకు వంతుల ప్రకారం వచ్చిందట. వంతులు వేసింది ఎవరని చిన్నవాడు. చీటీల్లో రెండింటి మీదా తన పేరే రాసుకున్నాడని చిన్నవాడు. రుజువేదని పెద్దవాడు. ఇద్దరివీ ఒకేలాంటి గొంతులు. ఎవరిది ఎవరిదో పోల్చుకోవడానికి నాకే కాస్త సమయం పట్టింది.

“అమ్మా, నువ్వే చెప్పు” అన్నారు ఇద్దరూ ఒకేసారి.

“నోటితో చెప్తే వినను. రాసివ్వండి, ఏడింటికి చూస్తాను” అన్నాను.